గోయా గీసిన సాన్ ఇసిద్రో జాతర: మగ్గం ఎక్కని రొకోకో బొమ్మ

42 సెంటీమీటర్ల ఎత్తు, 91 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక కాన్వాసు మీద స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 1788లో మాడ్రిడ్ నగరాన్ని, దాని కిందుగా పారే మాన్సనారెస్ నదిని, నదికి ఇవతల పచ్చికబయలు మీద పండగ చేసుకుంటున్న వందలాది మందిని పట్టించేశాడు. బొమ్మ పేరు 'లా ప్రదేరా దె సాన్ ఇసిద్రో', అంటే సాన్ ఇసిద్రో పచ్చికబయలు. ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. మే నెల, ఎండలు ఇంకా ముదరలేదు, గొడుగులు, బండ్లు, గుర్రాలు, వైను, కబుర్లు. రొకోకో (18వ శతాబ్దంలో ఐరోపా రాజభవనాల్లో నడిచిన సుకుమారమైన చిత్రశైలి) అనగానే గుర్తొచ్చే లేత గులాబీ, వెండి బూడిద, నీరెండ పసుపు అన్నీ ఉన్నాయి. కానీ రొకోకో బొమ్మల్లో ఈ మోతాదులో దొరకనిది కూడా ఒకటి ఉంది, జనం. పట్టుబట్టలు కట్టుకున్న నాలుగు జంటలు, వాళ్ల వెనక ఓ పాలరాతి విగ్రహం, అంతటితో సరిపెట్టకుండా ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది.

ఈ బొమ్మను చాలాసార్లు గోయా 'మంచి రోజుల' బొమ్మగా పరిచయం చేసి, ముప్పై ఏళ్ల తర్వాత అదే జాతర మీద ఆయన గీసిన నల్లటి బొమ్మను పక్కన పెట్టి, చూశారా మనిషి ఎలా మారిపోయాడో అంటారు. ఆ పోలికలో తప్పేం లేదు గానీ, దాని వల్ల 1788 బొమ్మ ఒక 'ముందు' ఫొటోలాగా మిగిలిపోతుంది, అందులో గోయా చేసిన పని మీద చూపు నిలవదు. గమనించాల్సిన విషయం చాలా మామూలుది. చిత్రకారుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడు, దేనికి వీపు పెట్టాడు?

ఆయన నిలబడింది నదికి పడమటి వైపు ఉన్న గుట్ట మీద, సాన్ ఇసిద్రో గుడి ఉన్న వైపున. అక్కడి నుంచి తూర్పుకి చూస్తే ముందు వాలు, తర్వాత పచ్చికబయలు, తర్వాత నది, ఆ పైన వరసగా నగరం. ఎడమవైపు సెగోవియా వంతెన, దాని పైన రాజభవనం, కుడివైపుకి వస్తే సాన్ ఫ్రాన్సిస్కో ఎల్ గ్రాందె చర్చి గుమ్మటం. నగరం ముఖం మీద వెలుగు పడుతోంది కాబట్టి సూర్యుడు పడమటికి తిరిగిన వేళ అనుకోవచ్చు. ఇక జాతర ఎవరి పేరున జరుగుతోందో ఆ పునీతుడు, ఆయన గుడి, మహిమ గల నీళ్ల ఊట, ఇవేవీ బొమ్మలో లేవు. దేవుడి పండగ బొమ్మలో గుడి లేదు! గుడి వైపు నుంచి గుడికి వీపు పెట్టి గీశాడు.

అలాగని గోయా గుడిని మర్చిపోలేదు. అదే సమయంలో, అదే పని కోసం ఇంకో చిన్న నమూనా గీశాడు, అందులో గుడి ఉంది, నీళ్ల కోసం వచ్చిన జనం ఉన్నారు. అంటే భక్తిని ఒక బొమ్మలోకి, కాలక్షేపాన్ని ఇంకో బొమ్మలోకి విడదీశాడు. పెద్ద వాటా కాలక్షేపానికి దక్కింది.

ఇసిద్రో గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఈ జనం అక్కడ ఎందుకున్నారో అర్థం కాదు. మాడ్రిడ్‌కి రక్షకుడిగా కొలిచే ఈ పునీతుడు రాజు కాడు, బిషప్పు కాడు, మఠం పెట్టినవాడూ కాడు. మధ్యయుగాల్లో మాడ్రిడ్ దగ్గర వేరేవాళ్ల పొలంలో పనిచేసిన రైతుకూలీ. ఆయన ప్రార్థనలో మునిగిపోతే దేవదూతలు దిగి వచ్చి అరక దున్నారని, యజమాని దాహం తీర్చడానికి నేలను పొడిస్తే ఊట పుట్టిందని కథలు. ఆ ఊట నీళ్లు తాగితే జ్వరాలు తగ్గుతాయని నమ్మకం. 16వ శతాబ్దంలో స్పెయిన్‌ను ఏలిన చక్రవర్తి కార్లోస్ 5 భార్య ఇసాబెల్ మహారాణి ఆ నీళ్ల వల్లే తన కుటుంబానికి జబ్బు నయమైందని అక్కడ గుడి కట్టించింది. రోమ్ ఆయన్ని అధికారికంగా పునీతుడిగా ప్రకటించింది 1622 మార్చి 12న, అదే రోజు ఆ గౌరవం పొందిన మిగతా నలుగురిలో ఒకరు ఫ్రాన్సిస్ జేవియర్, గోవాలో భౌతికకాయం ఉన్నాయన. ఇసిద్రో పండగ మే 15. చేలు ఎదిగే కాలం, వానలు పడాలని రైతులు మొక్కుకునే కాలం. మాడ్రిడ్ వేసవి మండిపోక ముందు బయట హాయిగా కూర్చోగలిగే చివరి వారాలు కూడా అవే. కాబట్టి జనం నది దాటి వచ్చి, నీళ్లు తాగి, ఆ తర్వాత తాపీగా వైను తాగేవాళ్లు.

ఇంతకీ ఈ బొమ్మ ఎవరి కోసం? మాడ్రిడ్ శివార్లలో ఉన్న ఎల్ పార్దో రాజభవనంలో, అప్పటి యువరాజు (తర్వాత కార్లోస్ 4) కూతుళ్ల పడకగది కోసం. ఇద్దరికీ అప్పటికి పదేళ్లు కూడా లేవు. ఆ గది గోడలకు వేలాడదీయడానికి నేత తెరలు కావాలి, వాటికి గోయా బొమ్మలు ఇవ్వాలి. ఎల్ పార్దో చలికాలపు విడిది, రాజ కుటుంబం జనవరి నుంచి ఈస్టర్ దాకా అక్కడ ఉండేది. మందపాటి ఉన్ని తెరలు గోడల చలిని ఆపుతాయి, అదీ వాటి పని. అంటే మే నెల ఎండను, పచ్చికను, జనాన్ని జనవరి చలిలో ఇద్దరు చిన్నపిల్లలు మంచం మీద నుంచి చూడాలి. వాళ్లు ఆ గదిలో ఉన్నంత కాలం బయట ఆ పండగ ఎప్పుడూ జరగదు, పండగ వచ్చే సమయానికి వాళ్లు ఆ గదిలో ఉండరు. ఈ బొమ్మలోని ఉల్లాసం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి పట్టించుకోకపోతే, గోయా ఏదో ఆ రోజు మూడ్ బాగుండి గీశాడని అనుకునే ప్రమాదం ఉంది. ఉల్లాసం ఆర్డర్‌లోనే ఉంది.

ఆయన మూడ్ నిజానికి అంత బాగా లేదు. 1788 మే 31న, అంటే పండగ అయిన పదహారు రోజులకు, సరగోసాలోని తన ఆప్తమిత్రుడు మార్తిన్ సపతేర్‌కి రాసిన ఉత్తరంలో ఈ పనుల గురించి చెప్పుకున్నాడు. రాజ కుటుంబం తిరిగి వచ్చేలోగా నమూనాలు చూపించాలి, విషయాలు చాలా కష్టమైనవి, అందులో ఒకటి సాన్ ఇసిద్రో పచ్చికబయలు, అదీ సరిగ్గా పండగ రోజున, రాజధానిలో ఉండే మామూలు హడావుడి అంతటితో సహా. ఇది పూర్తయ్యేదాకా నిద్ర లేదు, నిలకడ లేదు అని దాని సారాంశం. టెన్షన్ పడుతున్న ఉద్యోగి ఉత్తరం అది. అప్పటికి గోయాకి 42 ఏళ్లు, రెండేళ్ల క్రితమే ఏడాదికి 15,000 రియాల్స్ జీతంతో రాజు చిత్రకారుల్లో ఒకడిగా నియామకం అయింది. మంచి ఉద్యోగం, పోగొట్టుకోదగ్గది కాదు.

కష్టం ఎక్కడుందో తెలియాలంటే ఈ నేత తెరల తయారీ చూడాలి. చిత్రకారుడు ముందు చిన్న నమూనా గీసి ఒప్పించుకుంటాడు. ఒప్పుకున్నాక దాన్ని తెర అసలు సైజులో కాన్వాసు మీద గీస్తాడు, వీటినే కార్టూన్లు అంటారు. అవి సాంతా బార్బరా రాజ నేతశాలకు వెళ్తాయి. 1721లో ఫ్లాండర్స్ నుంచి నేతగాళ్లను రప్పించి మొదలుపెట్టిన సంస్థ అది. అక్కడ నేతగాళ్లు కార్టూన్ చూస్తూ రంగు రంగుకూ దారం మార్చుకుంటూ అంగుళం అంగుళం నేస్తారు. వాళ్లకి కావాల్సింది స్పష్టమైన అంచులు, కాస్త పెద్ద ఆకారాలు, విడివిడిగా ఉండే రంగులు. గోయా వాళ్లకి తలనొప్పి తెచ్చిపెట్టిన మాట కొత్తది కాదు. 1778లో ఆయన ఇచ్చిన 'గుడ్డి గిటారువాడు' కార్టూన్ నేయడానికి వీల్లేకుండా ఉందని వెనక్కి పంపితే, మళ్లీ సరిచేసి ఇవ్వాల్సి వచ్చింది.

అలాంటివాడు పదేళ్ల తర్వాత తెచ్చిన నమూనా ఎలా ఉంది? దూరపు మనుషులు బ్రష్ మొన పెట్టి తీసినంత చుక్కలు. ఒక తెల్ల చుక్క గొడుగు, దాని కింద రెండు చుక్కలు ఇద్దరు ఆడవాళ్లు, ఓ గోధుమరంగు గీత బండి. దగ్గరికి వెళ్లి చూస్తే రంగు మరకలు తప్ప ఏమీ లేవు, రెండడుగులు వెనక్కి వేస్తే జనం కదులుతున్నట్టు ఉంటుంది. గాలి, దుమ్ము, నది మీద మెరుపు, దూరం పెరిగేకొద్దీ పలచబడే రంగు, ఇవన్నీ తడి రంగుతోనే సాధ్యమయ్యేవి. గోడకు సరిపోయేలా పెంచితే ఇది ఏడు మీటర్లు దాటే తెర అవుతుంది. ఆ చుక్కల్ని ఎనిమిది రెట్లు పెంచితే చుక్కలుగా ఉండవు, ప్రతి చుక్కకీ ముక్కు, కళ్లు, చేతులు గీయాలి, అప్పుడు ఈ బొమ్మలో ఉన్న గాలి మొత్తం పోతుంది. పోనీ చుక్కలుగానే నేయమంటే నేతగాళ్లు గోయాని మగ్గానికి కట్టేసి ఉండేవాళ్లు. తన నమూనా నేతకు ఎక్కదని పదమూడేళ్లుగా ఈ పనే చేస్తున్న మనిషికి తెలియదంటే నమ్మడం కష్టం. తెలిసీ గీశాడనే అనిపిస్తుంది.

ఇక రొకోకో సంగతి. 1717లో ఫ్రెంచి చిత్రకారుడు ఆంట్వాన్ వతో పారిస్ అకాడమీకి ఇచ్చిన 'సితేరా యాత్ర' దగ్గర్నుంచి, తోటల్లో, చెట్ల కింద, ఏ వేళో తెలియని వెలుగులో అందమైన దుస్తుల్లో కూడి కబుర్లు చెప్పుకునే జనం ఐరోపా అంతటా రాజభవనాల గోడలకు ఎక్కేశారు. గోయా తరం స్పెయిన్‌కి ఈ రుచి ఫ్రెంచి వంశం నుంచి వచ్చిన రాజుల ద్వారా, వెనిస్ నుంచి వచ్చి 1762 నుంచి 1770లో చనిపోయేదాకా మాడ్రిడ్‌లో పనిచేసిన చిత్రకారుడు టియెపొలో ద్వారా బాగా పరిచయం. సాన్ ఇసిద్రో బొమ్మలో ముందు వరసలో వాలు మీద కూర్చున్న జంటలు, గొడుగు కింద అమ్మాయి, గ్లాసులో వైను పోస్తున్న మనిషి, వీళ్లంతా నేరుగా ఆ లోకం నుంచి దిగినవాళ్లే. కానీ వతో తోట ఎక్కడుందో ఎవరికీ తెలియదు, తెలియక్కర్లేదు కూడా. ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాగొనార్ గీసిన సాన్ క్లూ సంబరం బొమ్మకి ఊరి పేరు ఉన్నా, అందులో పెత్తనం మబ్బుల్లా లేచిన చెట్లది, మనుషులు వాటి కింద పిసరంత. గోయా చెట్లను దాదాపు తీసేశాడు. నీడనిచ్చే తోపు లేదు, చాటు లేదు, గుసగుసలకి మూల లేదు. రొకోకో సరసం అంతా చాటు మీద నడిచే వ్యవహారం, దాన్ని పట్టుకొచ్చి బట్టబయలు మైదానంలో కూర్చోబెట్టి, వెనకాల అడ్రస్‌తో సహా ఒక అసలు నగరాన్ని నిలబెట్టాడు.

ఆ నగరం కూడా కొత్తది. పాత కోట 1734 క్రిస్మస్ ముందు రాత్రి తగలబడిపోయాక కట్టిన రాజభవనంలోకి అప్పటి రాజు కార్లోస్ 3 మారింది 1764లో. సాన్ ఫ్రాన్సిస్కో ఎల్ గ్రాందె పని ముగిసింది 1784లో, అంటే బొమ్మకి నాలుగేళ్ల ముందు, ఆ చర్చిలో ఒక పక్క పీఠం మీద పెట్టిన బొమ్మ గోయాదే. కాబట్టి ఆ రేఖలో కనిపించే రెండు ముఖ్యమైన కట్టడాలూ గోయా కాలపు రాజవంశం ఏలుబడిలో కట్టినవి, ఒకదానిలో చిత్రకారుడి పని కూడా ఉంది. (ఇప్పుడు అదే గుట్ట మీద నిలబడితే రాజభవనం పక్కన కనిపించే అల్ముదేనా కథీడ్రల్ ఇందులో ఉండదు, అది 1883లో మొదలై 1993లో ప్రతిష్ఠ అయింది.) మాన్సనారెస్ నది విషయంలో మాత్రం గోయా కాస్త ఉదారంగానే ఉన్నాడు. నీళ్లు లేని ఈ ఏటి మీద అంత పెద్ద వంతెన ఎందుకని మాడ్రిడ్ కవులు తరతరాలుగా వెక్కిరించారు. బొమ్మలో అది హుందాగా, వెండి పట్టీలా పారుతుంది. రాజుగారి మనవరాళ్ల గదిలో వాగుని వాగులా చూపిస్తే ఏం బాగుంటుంది!

జనంలో ఎవరున్నారు అన్నది ఇంకో ఆసక్తికరమైన విషయం. ఆ రోజుల్లో మాడ్రిడ్ పేటల్లోని పనివాళ్లలో ఠీవిగా, బిగుతు కోట్లు, జడవలలు, పొడుగు దుప్పట్లతో తిరిగేవాళ్లను మాహోలు, ఆడవాళ్లయితే మాహాలు అనేవాళ్లు. పెద్దింటివాళ్లకి వీళ్ల వేషం మీద మోజు పుట్టింది, డ్యూకులు, డచెస్‌లు మాహోల్లా తయారై జాతరలకు వచ్చేవాళ్లు. ఇది వినడానికి సరదాగా ఉంటుంది గానీ, అదే వేషం మీద ప్రభుత్వం విరుచుకుపడి అప్పటికి పాతికేళ్లు కూడా కాలేదు. 1766లో మంత్రి ఎస్కిలాచె పొడుగు దుప్పట్లు, వెడల్పు టోపీలు నిషేధిస్తే మాడ్రిడ్ భగ్గుమంది, దానికి తిండిగింజల ధరల మంట కూడా తోడైంది, రాజు రాజధాని వదిలి అరంహువెస్‌కి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ జనమే ఇప్పుడు రాజుగారి మనవరాళ్ల గోడ మీదకు రాబోతున్నారు. మరి వాళ్లని ఎలా చూపించాలి? కిందకి, దూరంగా. ఆ దూరంలో ఎవరు కూలీ, ఎవరు కూలీ వేషం వేసిన డ్యూకో చెప్పలేం. వర్గాలన్నీ కలిసిపోయిన సామరస్యం ఈ బొమ్మలో ఉందని తరచూ చెప్తుంటారు. కలిసిపోయింది వర్గాలు కాదు, చుక్కలు. వంద గజాల దూరం నుంచి చూస్తే ఏ జాతరలో అయినా అందరూ స్నేహంగానే ఉన్నట్టు కనిపిస్తారు. గోయా అబద్ధం చెప్పలేదు, అలా మాత్రమే కనిపించే చోట నిలబడ్డాడు.

బొమ్మ గోడకి చేరలేదు. 1788 డిసెంబర్ 14న కార్లోస్ 3 చనిపోయాడు. కొత్త రాజుకి ఎల్ పార్దో అలంకరణ మీద ఆసక్తి లేకపోవడంతో ఆ వరస ఆగిపోయింది. అందులో పూర్తి సైజు కార్టూన్ అయ్యింది ఒక్క 'గుడ్డి కోడి', మన దాగుడుమూతల్లో కళ్లకు గంతలు కట్టే ఆటే. అందులో పది మందీ లేరు, చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు, అంచులు చక్కగా ఉంటాయి, నేతగాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. రెండూ ఒకే గది కోసం అనుకున్నవంటే నమ్మబుద్ధి కాదు. నేతకు పనికొచ్చేది ఎలా ఉండాలో గోయాకి తెలుసని చెప్పడానికి ఆ ఒక్క బొమ్మ చాలు. సాన్ ఇసిద్రో నమూనా ఆయన దగ్గరే కొన్నాళ్లు ఉండి, తర్వాత ఒసూనా డ్యూకు, డచెస్‌ల సేకరణకు చేరింది. ఆ కుటుంబం ఆస్తులు అమ్ముకున్నప్పుడు 1896లో ప్రాదో కొన్నది. రాజు ఇంకో ఏడాది బతికి ఉంటే బహుశా ఓ బరువైన తెర ఉండేది, ఇంత పేరున్న ఈ చిన్న బొమ్మను పనివాళ్ల నమూనా కింద లెక్కేసేవాళ్లు.

ఇప్పుడు ఆ రెండో జాతర. 1792 చివర్లో మొదలైన జబ్బు గోయాని చెవిటివాణ్ణి చేసింది. 1808లో నెపోలియన్ సైన్యం వచ్చింది, ఆ మే 3 తెల్లవారుజామున రాజభవనానికి ఉత్తరంగా ఉన్న ప్రిన్సిపె పియో గుట్ట మీద జనాన్ని నిలబెట్టి కాల్చారు. ఆరేళ్ల యుద్ధం, కరువు, తర్వాత తిరిగొచ్చిన రాజు కక్షలు. 1819 ఫిబ్రవరిలో, 72 ఏళ్ల వయసులో, గోయా నదికి పడమటి వైపున ఓ ఇల్లు కొన్నాడు. సెగోవియా వంతెన దాటి, సాన్ ఇసిద్రో పచ్చికబయలుకి దగ్గర్లో. దాన్ని 'చెవిటివాడి ఇల్లు' అనేవాళ్లు, అయితే ఆ పేరు గోయా వల్ల వచ్చింది కాదు, అంతకు ముందున్న యజమాని చెవిటివాడట. ఆ ఇంటి గోడల మీద 1820, 1823 మధ్య నేరుగా గీసిన 14 బొమ్మల్లో ఒకటి నాలుగు మీటర్లకు పైగా వెడల్పుంటుంది. దాన్ని 'సాన్ ఇసిద్రో యాత్ర' అంటున్నాం, ఆ పేరు గోయా పెట్టింది కాదు. కొండ వెనక నుంచి పాములా మెలికలు తిరుగుతూ వస్తున్న జనం, ముందుకొచ్చేసరికి కుప్పగా ముఖాలు, తెరిచిన నోళ్లు, గిటారు వాయిస్తూ పాడుతున్న ఒకడు. ఆకాశం బురద రంగు.

నల్లరంగు, పిచ్చి చూపులు అందరికీ కనిపిస్తాయి. అంతకంటే పెద్ద మార్పు, గోయా గుట్ట దిగి వచ్చేశాడు. ఇప్పుడు జనానికి ఎదురుగా, నేల మీద, వాళ్ల ఊపిరి తగిలేంత దగ్గర్లో నిలబడ్డాడు. నగరం లేదు, నది లేదు, రాజభవనం లేదు. ముందు బొమ్మలో మనుషులు పోల్చుకోలేనంత దూరంలో ఉంటే, ఇందులో తప్పించుకోలేనంత దగ్గరగా ఉన్నారు. ఇక్కడ కూడా అన్ని వర్గాలవాళ్లూ ఉన్నారు, ముందు పేదలు, వెనక టోపీలవాళ్లు, కానీ ఎవరూ ఎవరితోనూ కలిసిపోలేదు, తోసుకుంటున్నారంతే.

దీన్ని పట్టుకుని 1788 బొమ్మ ఓ భ్రమ, 1820 బొమ్మ అసలు నిజం అనేయడం చాలా తేలిక. అలా అనడానికి పెద్దగా ఆధారం లేదు. మొదటిది చిన్నపిల్లల పడకగదికి ఒప్పుకున్న పని, రెండోది ఎవరూ అడగకుండా సొంతింటి గోడ మీద గీసుకున్నది, చూడాల్సినవాళ్లే వేరు. పైగా మొదటి బొమ్మలోని వెలుగు గురించి అది భ్రమ అని ఎలా అంటాం? ఆ గుట్ట మీద మే నెల సాయంత్రం ఎండ అలాగే పడుతుంది, 1788లోనూ, యుద్ధం తర్వాతా. నల్ల బొమ్మలోనూ గోయా జాతరని ఉన్నదున్నట్టు రాసిపెట్టలేదు, దానికీ ఓ కూర్పు ఉంది, ఓ ఎంపిక ఉంది. గోడ మీద నుంచి వాటిని కాన్వాసుకి ఎక్కించే పని 1874లో మొదలైంది, ఆ ప్రయాణంలో రంగు చాలానే దెబ్బతింది, మనం ఇప్పుడు చూస్తున్నదాంట్లో కొంత వాటా ఆ మరమ్మతుది కూడా.

రెండు బొమ్మలూ ఇప్పుడు ప్రాదోలోనే ఉన్నాయి. మంచి రిజల్యూషన్ ఫొటోలు మ్యూజియం సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. పచ్చికబయలు బొమ్మని తెరిచి నది ఒడ్డున ఉన్న గుంపుల మీద జూమ్ చేస్తూ పోతే, మనుషులు ఎక్కడ రంగు మరకలైపోతున్నారో ఆ గీత దొరుకుతుంది. మే 15న మాడ్రిడ్‌కి ఇప్పటికీ సెలవే. జనం ఇప్పటికీ ఊట దగ్గర వరసలో నిలబడి నీళ్లు పట్టుకుంటారు, 'తెలివితక్కువవి', 'తెలివైనవి' అని రెండు రకాలుగా అమ్మే గుండ్రటి తీపి రొట్టెలు కొనుక్కుంటారు. తెలివైనవాటికి పైన పంచదార పూత ఉంటుంది, తేడా అంతే.